తప్పు దగ్గర మొదలయ్యే పాఠం
(గిడుగు రామమూర్తి స్మారకోపన్యాసం)

 వెనక వరుసల్లో కూర్చున్న ఛాత్రోపాధ్యాయులారా, ఈ గంటసేపు నేను మాట్లాడబోయేది మీ గురించే. 

గిడుగు వారి పేరు చెప్పగానే వ్యావహారిక భాషోద్యమం గుర్తొస్తుంది. ఆయన పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. నేను ఇవాళ తలుచుకునేది ఆయనలోని బడిపంతులును. 1863లో పుట్టిన ఆయన 1880లో, అంటే పట్టుమని పదిహేడేళ్ళు నిండీ నిండని వయసులో, పర్లాకిమిడిలో రాజా వారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరారు. చుట్టూ కొండల మీద సవర గిరిజనులు. వాళ్ళ పిల్లలకు బడి లేదు, వాళ్ళ భాషలో పుస్తకం లేదు. ఆ పిల్లలకు చదువు చెప్పాలనుకున్న రామమూర్తి గారు ముందు చేసిన పని, ఆ భాష తెలిసిన మనిషిని ఇంట్లో ఉంచుకుని మాట తర్వాత మాట వినడం. విన్నది రాసుకున్నారు. రాసుకున్నది సరిచూసుకున్నారు. ఆ తర్వాత వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు నడిపారు. మద్రాసు ప్రభుత్వం ఇవ్వబోయిన పారితోషికాన్ని కాదని, ఆ సొమ్ముతో సవరలకు బడులు పెట్టించమని అడిగారు. సవర భాషకు ఆయన రాసిన వ్యాకరణం 1931లో అచ్చయ్యే నాటికి ఆ పని మొదలుపెట్టి ముప్పై ఏళ్ళు దాటిపోయింది. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వేసుకున్న క్వినైన్ ఆయన చెవులను దెబ్బతీసింది. జీవితమంతా వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి చివరికి వినపడకుండా పోయింది. నాకు ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా గొంతు పట్టేస్తుంది.

ఆయన పనిలోని వరుస చూడండి. మొదట పిల్లవాడి నోటి మాట. తర్వాత దాని గురించిన ఆలోచన. ఆ తర్వాతే పుస్తకం. ఆ రోజుల్లో ఆ కొండల్లో అచ్చు పుస్తకమే కొత్త సాంకేతిక పరికరం. రేపటి ఉపాధ్యాయులకు సాంకేతికత నేర్పడంలో మనం ఈ వరుసను తలకిందులు చేశామని నా అభిప్రాయం. మొదట పరికరం వస్తోంది, తర్వాత దానికి తగిన పాఠం వెతుకుతున్నాం, పిల్లవాడు చివర్న వస్తున్నాడు.

1. పెట్టెలో మిగిలిన సామగ్రి

ఇక్కడ తలనెరిసిన వాళ్ళు చాలామందే ఉన్నారు. నల్లబల్ల పథకం మీకు గుర్తుండే ఉంటుంది. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత, 1987లో మొదలైంది. ప్రతి ప్రాథమిక పాఠశాలకూ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, బోధన సామగ్రి ఇవ్వాలన్నది లక్ష్యం. సైన్సు కిట్టు, గణితం కిట్టు, గ్లోబు, పటాలు వచ్చాయి. నేను కొత్తగా చేరిన బడిలో ఆ కిట్టు ఇనప బీరువాలో ఉండేది. తాళం చెవి ప్రధానోపాధ్యాయుల దగ్గర. పగిలితే, పోతే స్టాకు రిజిస్టరులో ఎవరు జవాబు చెప్పాలని ఆయన భయం. ఆయన మంచి మనిషి. దాన్ని పాఠంలో ఎక్కడ వాడాలో ఆయనకు ఎవరూ చూపించలేదు, అంతే.

దానికి ముందు ఆకాశం నుంచి కూడా పాఠాలు వచ్చాయి. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. సైట్ అని పిలిచేవారు దాన్ని. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పొద్దున పూట బడి పిల్లల కార్యక్రమం వచ్చేది. ఆ ప్రయోగాన్ని నేను గౌరవంగా చెప్పుకోవడానికి కారణం ఉంది. అందులో ప్రాథమిక ఉపాధ్యాయులకు సైన్సు బోధన మీద శిక్షణ కూడా పెట్టారు. టీవీ చూసి ఊరుకోవడం కాకుండా, చేతులతో చేసి చూసే పనులు, చదువుకునే సామగ్రి, రేడియో అన్నీ కలిపి నడిపారు. ఏడాది తిరిగేసరికి ఉపగ్రహం వెళ్ళిపోయింది, ఆ పద్ధతి కూడా దానితోపాటే వెళ్ళిపోయింది.

తర్వాతవి వేగంగా చెబుతాను. 1984లో క్లాస్ ప్రాజెక్టు పేరుతో హైస్కూళ్ళకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు. ఇన్‌శాట్ రోజుల్లో హైదరాబాదులో రాష్ట్ర విద్యా సాంకేతిక సంస్థ. 2017 సెప్టెంబరు 5న దీక్ష వేదిక, పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు. 2020లో బడులు మూతపడ్డప్పుడు తెలంగాణలో టీశాట్, దూరదర్శన్ యాదగిరి పాఠాలు, ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి పాఠాలు. ఆ పైన ఆంధ్రప్రదేశ్ నాడు-నేడు పథకం బడుల్లో పెద్ద తరగతులకు ఐఎఫ్‌పీలు అనే స్పర్శ తెర ప్యానెల్‌లు, ప్రాథమిక పాఠశాలలకు స్మార్ట్ టీవీలు. ఇన్ని వచ్చినా పాత బీరువా కథే మళ్ళీ మళ్ళీ జరుగుతోంది. ఒక్క తేడా ఉంది. కిట్టుకు తాళం వేసేవాళ్ళం, ప్యానెల్‌ను మాత్రం ఆన్ చేసి వదిలేస్తున్నాం. పాఠం అదే చెబుతుందిలే అనుకుంటున్నాం. నన్నడిగితే రెండోది ఎక్కువ నష్టం.

2. విడి గది, విడి పేపరు

1987లో జిల్లా విద్యా శిక్షణ సంస్థలకు, అంటే డైట్‌లకు, రూపకల్పన చేసినప్పుడు ఏడు విభాగాలు పెట్టారు. వాటిలో విద్యా సాంకేతిక విభాగం ఒకటి. ఆ రోజుల్లో అది ముందుచూపే. కానీ గోడ కూడా అప్పుడే లేచింది. గణితం బోధన పద్ధతులు, అంటే మెథడ్స్, చెప్పే మేడమ్ ఒక గదిలో, ప్రొజెక్టరు మరొక గదిలో. ఈ గోడ తర్వాత సిలబస్‌లోకీ వచ్చింది. కంప్యూటర్ భాగాలు, ఫైలు సేవ్ చేయడం, పవర్‌పాయింట్ స్లైడ్లు చేయడం, ఒక రికార్డు, ఒక వైవా. ఒకప్పుడు ఇది అవసరమేమో. ఇప్పుడు ఉపాధ్యాయ డిప్లొమా డీఎడ్‌లో చేరే పిల్లకు ఫోన్ వాడడం నాకన్నా బాగా వచ్చు. ఆమెకు రానిది వేరే ఉంది. మూడో తరగతిలో అప్పు తెచ్చుకుని తీసివేయడం రాని పిల్లవాడి ముందు ఆ ఫోన్‌ను తీయాలా, జేబులోనే ఉంచాలా అన్నది ఆమెకు తెలియదు. దాన్ని కంప్యూటర్ సారు చెప్పలేరు. గణితం మెథడ్స్ గదిలోనే అది తేలాలి.

దీన్ని పండితులు ఎప్పుడో గుర్తించారు. విషయం తెలిసి ఉండడం వేరు, ఆ విషయాన్ని పిల్లలకు అందేలా చెప్పడం తెలిసి ఉండడం వేరు అని 1986లో లీ షుల్మన్ రాశారు. ఆ రెండూ కలిసిన చోట ఉండే తెలివే ఉపాధ్యాయుడి సొంత విద్య అన్నారు. 2006లో పున్య మిశ్రా, మాథ్యూ కోలర్ దానికి సాంకేతికతను కలిపారు. ఈ మూడూ విడివిడిగా నేర్పితే మూడూ వచ్చినట్టు కాదు, కలిసే చోట నేర్పితేనే వస్తాయన్నది వాళ్ళ మాట. చాలామంది ఒప్పుకున్న ఈ మాట మన పరీక్షల దాకా రాలేదు. ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్ చూడండి. 150 ప్రశ్నలు, 150 మార్కులు, నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించాలి. ఇప్పుడు దాన్ని కంప్యూటర్ ముందు కూర్చునే రాస్తున్నారు. కంప్యూటర్‌ను పాఠంలో వాడడం వచ్చో రాదో మాత్రం ఆ పరీక్షలో ఎక్కడా తెలియదు.

3. ఒక్కో సబ్జెక్టు ఒక్కోటి అడుగుతుంది

ఇది నా ఉపన్యాసానికి గుండెకాయ. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఓపిక పట్టండి.

గణితం తీసుకుందాం. 0.35 పెద్దదా, 0.4 పెద్దదా అని ఆరో తరగతిలో అడగండి. చాలామంది 0.35 అంటారు. 4 కన్నా 35 పెద్దది కదా! పూర్ణసంఖ్యల్లో నేర్చుకున్న న్యాయాన్నే ఆ పిల్లవాడు ఇక్కడా నమ్మకంగా వాడుతున్నాడు. ఇంకొక పిల్ల 0.4 కన్నా 0.45 చిన్నదంటుంది. పదో వంతుల కన్నా నూరో వంతులు చిన్నవని ఎవరో చెప్పింది ఆమె గట్టిగా పట్టుకుంది. రెండూ తప్పులే, కానీ రెండూ ఒకే తప్పు కావు. ఒకే వీడియో ఇద్దరినీ బాగుచేయదు. ఇప్పుడు జియోజీబ్రా అనే గణిత సాఫ్ట్‌వేర్‌లో సంఖ్యారేఖ తెరిచి, 0.3కూ 0.4కూ మధ్య చోటును పెద్దది చేసుకుంటూ పోండి. ఆ చిన్న సందులో మళ్ళీ పది గీతలు. వాటి మధ్య మళ్ళీ పది. 0.35 ఎక్కడుందో పిల్లవాడు వేలితో తాకి చూపిస్తాడు. నల్లబల్ల మీద ఈ పని చేయలేం. గీసిన గీత గీసినట్టే ఉంటుంది, లోపలికి తీసుకెళ్ళదు. ఇక్కడ తెర తన జీతం తాను సంపాదించుకుంది.

చుట్టుకొలత, వైశాల్యం సంగతి చూడండి. చుట్టుకొలత ఒకటే అయితే వైశాల్యమూ ఒకటే అనుకోవడం పెద్దవాళ్ళలోనూ ఉంది. 20 అంగుళాల దారం ముడివేసి ఇద్దరు పిల్లల వేళ్ళకు తగిలించండి. 9, 1 భుజాలుగా లాగితే లోపల 9 చదరపు అంగుళాలు. 8, 2 అయితే 16. 7, 3 అయితే 21. 6, 4 అయితే 24. 5, 5 అయితే 25. దారం మారలేదు, చోటు మారింది. దీనికి తెర అక్కర్లేదు. వేళ్ళ మధ్య దారం బిగుసుకున్నప్పుడు కలిగే ఎరుక ఏ తెరా ఇవ్వదు. ఒకే సబ్జెక్టులో ఒక పాఠానికి జియోజీబ్రా, ఇంకో పాఠానికి ఐదు రూపాయల దారపుండ. ఈ నిర్ణయం చేయగలగడమే శిక్షణ. ఛాత్రోపాధ్యాయుడి పాఠ్యపథకంలో సామగ్రి అన్న గడి పక్కన ఇంకొక గడి ఉండాలని నేను అడుగుతూ వచ్చాను: పిల్లలు ఇక్కడ చేసే తప్పేమిటి, దానికి ఈ పరికరమే ఎందుకు?

ఇక తెలుగు. గిడుగు వారి సభలో దీని గురించి చెప్పకుండా ఎలా వెళ్ళగలను? ముప్పై మంది ఉన్న తరగతిలో ఒక్కో పిల్లవాడు చదువుతుంటే టీచరు శ్రద్ధగా వినగలిగేది ఎంతసేపు? అర నిమిషం. ఫోన్‌లోని రికార్డరు ఇక్కడ నిజమైన సాయం. మా ఛాత్రోపాధ్యాయురాలు ఒకమ్మాయి ఇంటర్న్‌షిప్‌లో మూడో తరగతి పిల్లవాడి చదువును రికార్డు చేసుకొచ్చింది. వాడికి చదవడం రాదని తరగతిలో ఖాయం చేసేశారు. మేమిద్దరం కూర్చుని నాలుగుసార్లు విన్నాం. వాడు గుణింతాలు తడుముకోవడం లేదు. ద్విత్వాలు పలుకుతున్నాడు. సంయుక్తాక్షరం రాగానే ఆగిపోతున్నాడు. ‘పక్షి’ దగ్గర ఆగాడు, ‘పుస్తకం’ దగ్గర ఆగాడు, ‘అమ్మ’, ‘పువ్వు’ దగ్గర ఆగలేదు. వాడికి చదవడం రాకపోవడం కాదు, ఒకే ఒక్క మెట్టు దగ్గర కాలు జారుతోంది. ఆ అమ్మాయి మర్నాటి నుంచి ఆ మెట్టు మీదే పనిచేసింది.

అదే రికార్డులో ఇంకొకటి దొరికింది. పుస్తకంలో ‘ఏమిటి’ అని ఉన్నచోట వాడు ‘ఏటి’ అని చదివాడు. ఆ అమ్మాయి దాన్ని తప్పనుకుని కింద గీత గీసింది. నేను ఆపాను. అమ్మా, వాడు అక్షరాలు చూశాడు, అర్థం చేసుకున్నాడు, తన ఇంటి మాటలో పలికాడు. అర్థం కాకపోతే ఆ మార్పు చేయలేడు కదా! అది చదువు వచ్చిందనడానికి గుర్తు. ఇప్పుడు పిల్లల చదువును విని తప్పులు చెప్పే యాప్‌లు వచ్చాయి. మంచివే, ఇంట్లో చదివి వినిపించుకునే పెద్దవాళ్ళు లేని పిల్లలకు అవి తోడు. కానీ ఆ యంత్రానికి శ్రీకాకుళం ‘ఏటి’, తెలంగాణ ‘ఏంది’ తప్పులుగానే కనిపించవచ్చు. నోటి మాటను తప్పు పట్టే పుస్తకాల మీద గిడుగు వారు జీవితకాలం పోరాడారు. ఆ తప్పు పట్టే పనిని మనం ఇప్పుడు యంత్రానికి అప్పగించి ఊరుకుంటే, ఆయన పేరు మీద సభ పెట్టుకునే హక్కు మనకు ఉండదు. యంత్రం గీసిన ఎర్ర గీతను తుడిచేసే ధైర్యం, తెలివి ఉన్న ఉపాధ్యాయుణ్ణి తయారుచేయాలి. సవర, కోయ, గోండి ఇంటి భాషలుగా ఉన్న పిల్లల విషయంలో ఇది ఇంకా పెద్ద బాధ్యత.

పరిసరాల విజ్ఞానం, సాంఘిక శాస్త్రం సంగతి క్లుప్తంగా. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం నడిపే భువన్ అనే ఉపగ్రహ పటాల వేదిక 2009 నుంచి ఉంది. మన ఊరు పైనుంచి ఎలా ఉంటుందో అందులో చూడవచ్చు. నాలుగో తరగతి పిల్లలకు మొదటే దాన్ని చూపిస్తే చూసి గీస్తారు, అంతటితో పాఠం అయిపోతుంది. ముందు ఊళ్ళో నడిపించండి. బడి నుంచి చెరువు దాకా అడుగులు లెక్కపెట్టి పటం గీయించండి. ఆ తర్వాత భువన్ తెరవండి. తాము తిన్నగా గీసిన దారి వంకర తిరిగి ఉందని, తాము పెద్దదిగా గీసిన రావిచెట్టు కనిపించనే లేదని గొడవ మొదలవుతుంది. ఆ గొడవే పటం పాఠం. విత్తనం మొలకెత్తడం కూడా అంతే. వీడియో చూపించవద్దని అనను. ముందు అలసందలు నానబెట్టి తడి గుడ్డలో కట్టండి, రోజూ ఒకే వేళకు ఫోన్‌తో ఫొటో తీయించండి, వారం తర్వాత ఆ ఫొటోలు వరుసగా తిప్పి చూపించండి. ఆ సినిమా పిల్లలు తీసినది.

4. తనను తాను చూసుకోవడం

సూక్ష్మ బోధన మీ అందరికీ తెలుసు. ఐదు నిమిషాల పాఠం, ఒక్క నైపుణ్యం, స్టాప్‌వాచ్. ఇది 1963లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డ్వైట్ ఆలెన్, ఆయన సహచరులు మొదలుపెట్టినది. వాళ్ళ పద్ధతిలో వీడియో టేపు ముఖ్యం. పాఠం చెప్పిన మనిషి తన పాఠాన్ని తానే చూసుకుని, దిద్దుకుని, మళ్ళీ చెప్పాలి. మన కళాశాలలకు వచ్చేసరికి వీడియో కెమెరా కొనే స్తోమత లేక దాన్ని వదిలేశాం. పిల్లలను తీసుకురావడం కష్టమని తోటి విద్యార్థులనే పిల్లలుగా కూర్చోబెట్టాం. మిగిలింది స్టాప్‌వాచ్. అప్పటి పరిస్థితుల్లో అది అర్థం చేసుకోదగిందే. ఇవాళ ఆ కెమెరా ప్రతి ఛాత్రోపాధ్యాయుడి జేబులో ఉంది. అయినా మనం స్టాప్‌వాచ్ దగ్గరే ఆగిపోయి ఉన్నాం. నన్ను అన్నిటికన్నా బాధపెట్టే విషయం ఇదే.

నేను ఉద్యోగం చేసిన చివరి సంవత్సరాల్లో పిల్లలతో నిజం తరగతిలో చెప్పిన పాఠాన్ని రికార్డు చేయించి, ఎవరి పాఠం వాళ్ళకే ఇచ్చాను. మార్కులు వేయనని చెప్పి, రెండే లెక్కపెట్టమన్నాను: ఎన్ని ప్రశ్నలు అడిగారు, ఒక్కో ప్రశ్న తర్వాత ఎంతసేపు ఆగారు. ఒక కుర్రాడు వచ్చి నా గదిలో తల వంచుకుని కూర్చున్నాడు. ‘సార్, నేను ప్రశ్న అడిగి నేనే జవాబు చెప్పేస్తున్నాను సార్, పిల్లలు నోరు తెరిచే లోపే’ అన్నాడు. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలోనే ఈ సంగతి రాశారు. టీచర్లు ప్రశ్న తర్వాత సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారని, దాన్ని మూడు సెకన్లు చేస్తే పిల్లల జవాబులు పొడవుగా, ఆలోచనతో వస్తాయని. నేను ఆ సంగతిని ఇరవై ఏళ్ళు పాఠంగా చెప్పాను. ఎవరూ మారలేదు. ఆ కుర్రాడు తన గొంతు తాను విని ఒక్క వారంలో మారాడు. నేటి బోధన శిక్షణకు సాంకేతికత ఇవ్వగలిగిన అతి పెద్ద కానుక ఇదేనని నా నమ్మకం.

5. ఫోన్ పక్కన పెట్టాల్సిన వేళలు

ఛాత్రోపాధ్యాయులకు రెండు మాటలు చెప్పాలి. కోపంగా కాదు, పెద్దవాడిగా.

పిల్లల రికార్డింగులు మీ దగ్గర ఉంచుకోండి, మీ గైడు మాస్టారుతో కలిసి వినండి, పని అయ్యాక చెరిపేయండి. తప్పు చదివిన పిల్లవాడి వీడియో వాట్సాప్ గ్రూపులోకి, రీల్స్‌లోకి పోకూడదు. తల్లిదండ్రులకు ముందే చెప్పండి. వాడి తప్పు మీకు అప్పగించిన సొత్తు.

రెండోది పాఠ్యపథకాలు. ఒకప్పుడు సీనియర్ల రికార్డు చూసి రాసేవారు. ఇప్పుడు కృత్రిమ మేధను అడిగి రాస్తున్నారు. అది చక్కని వాక్యాలతో, అన్ని గడులూ నింపి ఇస్తుంది. కానీ 0.35 దగ్గర మీ తరగతిలో ఎవరు ఎందుకు తడబడ్డారో దానికి తెలియదు, తెలిసే దారీ లేదు. అడగండి, తప్పులేదు. మీరు విన్నది ముందు రాసి, ఆ తర్వాత అడగండి.

6. అడగవలసినవి

డైట్, డీఎడ్ కళాశాలల పెద్దలను నేను అడిగేవి కొద్దివే. విడి పేపరులోని సాంకేతికతను తెచ్చి తెలుగు, గణితం, పరిసరాల విజ్ఞానం మెథడ్స్‌లో కలపండి. విడి పేపరు ఉండక తప్పకపోతే ఉండనివ్వండి, కానీ దాని ప్రాక్టికల్ మార్కులు మెథడ్స్ అధ్యాపకుల చేతికి ఇవ్వండి. అంతకన్నా ముందు ఆ అధ్యాపకులకు శిక్షణ కావాలి. తాము ఎప్పుడూ వాడని దాన్ని వాళ్ళు ఎలా నేర్పుతారు? ప్యానెల్ ఇన్‌స్టాల్ చేయడానికి వచ్చిన కంపెనీ మనిషి బటన్లు చూపించి వెళ్ళడాన్ని శిక్షణ అనకండి. ఇంటర్న్‌షిప్ బడిలోని గైడు టీచరును కూడా ఇందులో కలుపుకోండి. ఆ టీచరు ‘ఇవన్నీ ఎందుకమ్మా, సిలబస్ కానివ్వు’ అంటే రెండేళ్ళ చదువు అక్కడితో సరి.

కరెంటు ఉండదు, నెట్ అందదు, ఒక్క టీచరే ఐదు తరగతులు చూడాలి అని మీలో కొందరు అనుకుంటున్నారని నాకు తెలుసు. ఆ మాట నిజం. అందుకే నేను ఇవాళ చెప్పిన పనుల్లో చాలావాటికి ఒక్క ఫోన్, ఒక దారపుండ, గుప్పెడు అలసందలు చాలు. మిగిలిన వసతుల కోసం ప్రభుత్వాన్ని అడుగుదాం, గట్టిగానే అడుగుదాం.

ఛాత్రోపాధ్యాయులారా, వచ్చే నెల మీరు ఇంటర్న్‌షిప్‌కు వెళ్తున్నారని విన్నాను. మొదటి వారం ప్యానెల్ జోలికి పోకండి. ఒక్క పిల్లవాణ్ణి ఎంచుకోండి, అందరూ వీడికి రాదు అని వదిలేసిన వాణ్ణి. వాడు చదువుతుంటే రెండు నిమిషాలు రికార్డు చేసి, ఆ రాత్రి నాలుగుసార్లు వినండి. ఎక్కడ ఆగాడో రాసుకోండి. పర్లాకిమిడి మాస్టారు చేసిన పని అదే.